కాగితంలో లేని అల్లుడు

మా అత్తగారు కాలం చేసిన వెయ్యో రోజున సమాధికి రాయి పెట్టించి, ఇంటికి వచ్చి, కెండూరికి పిలిచిన ఇరుగుపొరుగువారు తమ తమ అన్నం పొట్లాలు పట్టుకుని వెళ్లిపోయాక, మా మామగారు మొదటిసారిగా పొలం మాట ఎత్తారు. జావా పల్లెల్లో పోయినవారి కోసం మూడో రోజున, ఏడో రోజున, నలభయ్యో రోజున, నూరో రోజున, ఆ తరువాత ఏడాదికి, రెండేళ్లకు వాడవారిని పిలిచి ప్రార్థన చేయించి అన్నం పంచుతారు, అదే కెండూరి. వెయ్యో రోజుతో ఆ వరస పూర్తవుతుంది. దానిని న్యేవు అంటారు. సమాధి మీద రాయి నిలిచేది అప్పుడే. మా మామగారిది కేథలిక్కు కుటుంబం, పక్కింటివారు ముస్లింలు, అయినా ఈ రోజుల లెక్కలో ఇద్దరికీ తేడా లేదు. అంతవరకు పిల్లలెవరూ వాటాల ఊసెత్తలేదు. ఎత్తకూడదని ఎవరూ చెప్పలేదు కాని, ఎత్తకూడదని అందరికీ తెలుసు.

ఆ ఊరు మధ్య జావాలోని క్లాతెన్ జిల్లాలో, యోగ్యకర్తాకూ సోలోకూ నడుమ, బియ్యానికి పేరుపడ్డ దెలాంగు చేరువలో ఉంది. పడమట మెరాపి అగ్నిపర్వతం. దాని వాలు మీద కురిసిన వాన కింద ఊటలై పైకి ఉబుకుతుంది కనుక కాలువల్లో ఏడాది పొడవునా నీళ్లుంటాయి. రైతులు ఏటా మూడు పంటల వరి వేస్తారు. అలా ఎడతెరిపి లేకుండా వేసినందుకే 2010-11లో సుడిదోమ విరుచుకుపడి పొలాలకు పొలాలు మాడిపోయాయని మామగారు ఇప్పటికీ చెబుతూ ఉంటారు. తెనాలి దగ్గర పల్లెలో, కృష్ణా కాలువల గట్ల మీద పెరిగిన నాకు, మొదటిసారి ఆ ఊరు చూసినప్పుడు మా ఊరికే వచ్చినట్టు అనిపించింది. తేడా తెలిసింది విస్తీర్ణం విన్న తరువాతనే. మా మామగారికి ఉన్న వరి పొలం 4,200 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో ఎకరం నాలుగు సెంట్లు. ఇల్లూ పెరడూ కలిపి మరో పదిహేను సెంట్లు. దీనితోనే ముగ్గురు పిల్లలను చదివించారు. అర హెక్టారుకు తక్కువ భూమి ఉన్న రైతును ఇండోనేషియా ప్రభుత్వ లెక్కల్లో 'పెతాని గురెమ్' అంటారు. గురెమ్ అంటే కోడి ఈకల్లో ఉండే పేను. ఆ మాట అధికారిక నివేదికల్లో ఎలా చేరిందో గాని, దానిని విని నొచ్చుకున్న రైతు ఒక్కడు కూడా నాకు ఆ ఊళ్లో కనబడలేదు.

మా పెళ్లి 2012లో ఆ ఊరి చర్చిలోనే జరిగింది. ఆ తరువాత ఉద్యోగాల కోసం సురబయాలో ఉన్నాము. మేము అక్కడ ఉండగానే అత్తగారు పోయారు. మామగారు ఒంటరివారయ్యారని 2021లో ఊరికి వచ్చి ఆ ఇంట్లోనే స్థిరపడ్డాము. నా భార్య అందరిలోకి చిన్నది. కడసారి సంతానాన్ని అక్కడ 'రగిల్' అంటారు. తల్లిదండ్రులను చూసుకునే రగిల్‌కే ఇల్లు చెందడం చాలా కుటుంబాల్లో ఆనవాయితీ. ఆమె అక్కగారు అదే ఊళ్లో ఉంటారు, అన్నగారు జకార్తా పక్కన బెకాసిలో ఫ్యాక్టరీ ఉద్యోగి.

ఆ రాత్రి చాప మీద కూర్చుని మామగారు రెండు పద్ధతులు చెప్పారు. ఒకటి 'సెపికుల్ సెగెండోంగాన్'. కొడుకు భుజాన కావడి వేసుకుంటాడు, రెండు వైపులా బరువు. కూతురు గుడ్డతో వీపున కట్టుకునేది ఒకే మూట. అంటే కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. రెండోది 'దుమ్-దుమ్ కుపత్', అందరికీ సమానంగా. "నా కూతుళ్లిద్దరూ కావడి మోసినవాళ్లే" అని ఒక్క మాట అన్నారు మామగారు. బావగారు తల వంచుకుని 'ఇంగ్గిహ్' అన్నారు. అది జావా మర్యాద భాషలో 'అవునండీ' అనే మాట. ఇల్లు రగిల్‌కు, పొలం మూడు సమాన వాటాలు, తాను బతికి ఉండగానే దాఖలు పరచడం. పావుగంటలో అంతా తేలిపోయింది. మా ఊళ్లో అన్నదమ్ముల పంపకాలు పెద్దమనుషుల సమక్షంలో వారాల తరబడి సాగడం చూసినవాణ్ణి కనుక, ఇంత సులువుగా తెగిందేమిటని ఆశ్చర్యపోయాను. అసలు పని మొదలు కానేలేదని తరువాత తెలిసింది.

బావగారికి పొలం వద్దు, డబ్బు కావాలి. కావాలన్నా ఆయన పేరున రాయడం కుదరదు. సాగుభూమి ఏ మండలంలో ఉందో యజమాని కూడా ఆ మండలంలోనో, పక్క మండలంలోనో నివసించాలని 1961 నాటి నిబంధన ఒకటి ఉంది. దూరాన ఉన్నవారి చేతిలోని పొలాన్ని 'గుంతాయ్' భూమి అంటారు. ఇక్కడ మండలం అన్నది అక్కడి కెచమతాన్‌కు నేను వాడుతున్న మాట. బెకాసి ఆరేడు గంటల ప్రయాణం. అందుచేత ఆయన వాటాను మామగారు నేరుగా నా భార్యకు అమ్మేటట్టు, ఆ సొమ్ము బావగారికి చేరేటట్టు ఏర్పాటు జరిగింది. పొలం పరాయివారి చేతిలో పడకూడదన్నది అందరి మనసులోనూ ఉంది. డబ్బు సురబయాలో మేమిద్దరం కూడబెట్టినది. నా భార్య తన గుర్తింపు కార్డు చిరునామాను ఊరికి మార్పించుకుంది. ఇక రాయించుకోవడమే తరువాయి అనుకుని సబ్-రిజిస్ట్రారు వంటి అధికారాలున్న నోటరీగారి దగ్గరకు వెళ్లాము.

ఆవిడ కాగితాలన్నీ చూసి, కళ్లజోడు తీసి, నా వైపు చూశారు. అడ్డు నేనే.

1960 సెప్టెంబర్ 24న వచ్చిన మౌలిక భూచట్టం ప్రకారం ఇండోనేషియాలో 'హాక్ మిలిక్', అంటే సంపూర్ణ యాజమాన్య హక్కు, ఆ దేశ పౌరులకే చెందుతుంది. వారసత్వం వల్లనో, పెళ్లి వల్ల ఆస్తులు కలిసిపోవడం వల్లనో అది విదేశీయుడికి సంక్రమిస్తే ఏడాదిలోగా వదులుకోవాలి, లేకపోతే భూమి ప్రభుత్వానికి పోతుంది. 1974 వివాహ చట్టం 35వ నిబంధన ప్రకారం పెళ్లయ్యాక సంపాదించినదంతా భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి. తండ్రి దానంగా ఇచ్చిన వాటా మాత్రం అదే నిబంధన ప్రకారం ఆమె సొంతం, అందులో చిక్కు లేదు. కాని మేము కొనబోయే వాటా కొన్న మరుక్షణమే సగం నాదవుతుంది. నాది కాకూడదు కనుక ఆమె కొనడానికే వీల్లేదు. ఒక విదేశీయుణ్ణి పెళ్లాడినందుకు తన తాత దున్నిన నేలను తన తండ్రి దగ్గర కొనుక్కునే అర్హత ఆమెకు లేకుండా పోయిందన్నమాట. కోపం రాలేదని చెప్పను. అయితే మన దేశమూ తక్కువ తినలేదు. భారతీయుడి భార్యగా ఓసీఐ (విదేశీ భారత పౌరుల) కార్డు ఉన్న నా భార్య తెనాలిలో ఒక్క సెంటు సాగుభూమి కొనడానికి మన చట్టం కూడా ఒప్పుకోదు. ఆ సంగతి ఆమే గుర్తు చేసింది, నోటరీగారి ఎదుటే.

ఈ ముడికి విప్పు ఆస్తులు వేరు చేసుకునే ఒప్పందం. పూర్వం దానిని పెళ్లికి ముందో, పెళ్లి నాడో రాసుకుంటేనే చెల్లేది. 2012లో మాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఇరవై ఎనిమిదేళ్ల వయసులో చెవికెక్కేది కాదు. అదృష్టవశాత్తు, జపాన్ పౌరుణ్ణి పెళ్లాడిన ఒక ఇండోనేషియా మహిళ ఇల్లు కొనబోతే ఇదే కారణంతో కుదరకపోగా రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. పెళ్లయిన తరువాత ఎప్పుడైనా ఆ ఒప్పందం రాసుకోవచ్చని 2016 అక్టోబరులో తీర్పు వచ్చింది. ఆవిడెవరో నేను ఎన్నడూ చూడలేదు, కాని మా పొలంలో ఒక మూల ఆవిడ చలవే.

నోటరీ పత్రాన్ని ఇరు పక్షాల ఎదుట, ఇద్దరు సాక్షుల ఎదుట మొదటి నుంచి చివరి వరకు పైకి చదివి వినిపించాలన్నది అక్కడి చట్టం. నాకు ఇండోనేషియా భాష వచ్చినా, రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా ఒక అనువాదకుణ్ణి కూడా కూర్చోబెట్టారు. నోటరీగారు గొంతు సవరించుకుని, మధ్యమధ్య మంచినీళ్లు తాగుతూ, ముప్పావు గంట చదివారు. భార్య పేరున ఉన్న, ఇకముందు రాబోయే ఏ స్థిరాస్తిలోను భర్తకు హక్కు గాని, వాటా గాని, అడిగే అధికారం గాని లేవన్న వాక్యం దగ్గర ఆవిడ ఆగి, "అర్థమైందా?" అని నన్ను అడిగారు. అర్థమైందన్నాను. సాక్షిని అక్కడ 'సాక్సి' అంటారు. మన భూపతి వారి జిల్లా అధికారి 'బుపతి', మన దేశం వారి ఊరు 'దేశ', మన భూమి వారికీ 'బుమి'యే. చుట్టూ ఇన్ని చుట్టపు మాటలు వినబడుతూ ఉండగా, ఈ నేలతో నాకేమీ సంబంధం లేదని పదివేల రుపియాల రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేశాను. తిరిగి వస్తూ దారిలో నా భార్య నాకు సోతో అనే సూపు తినిపించింది. అడక్కుండానే రెండో గిన్నె కూడా తెప్పించింది.

ఆ ఒప్పందాన్ని పౌర నమోదు కార్యాలయంలో మా వివాహ పత్రం అంచున రాయించాలి. అలా నమోదైతేనే మూడోవారి మీద చెల్లుతుంది. ఒక దశలో మా దస్త్రం ఒక కార్యాలయంలో మూడు వారాలు కనబడలేదు, ఆ తరువాత ఎవరూ ఏమీ అననట్టే కనబడింది. ఆ కథ పెంచదలచుకోలేదు.

ఇక్కడికి ఒక చిక్కు తీరింది. రెండోది మరీ పాతది. పొలానికి పట్టా లేదు. ఇండోనేషియాలో పట్టా అంటే భూకార్యాలయం ఇచ్చే సెర్టిఫికాట్. ఊరంతటినీ ఒకేసారి కొలిచి పట్టాలిచ్చే ప్రభుత్వ పథకం 2019లో ఆ ఊరికి వచ్చింది. ముగ్గురు మంత్రులు 2017లో ఇచ్చిన ఉమ్మడి ఉత్తర్వు ప్రకారం జావాలో దాని ఖర్చు ఒక్కో ముక్కకు లక్షా యాభై వేల రుపియాలు, అప్పటి లెక్కలో మన ఏడెనిమిది వందల రూపాయలు. మామగారు ఇంటి స్థలానికి రాయించుకున్నారు గాని, పొలానికి పట్టా తెస్తే పన్ను పెరుగుతుందని వదిలేశారు. పథకం పోయాక విడిగా చేయించుకుంటే ఎన్నో రెట్లు ఖర్చు. ఆ మాట ఇంట్లో మేము ఎవరమూ పైకి అనము.

పట్టా లేని పొలానికి ఆధారం ఊరి పుస్తకం. దానిని 'లెతెర్ చే' అంటారు. గ్రామ కార్యాలయంలో చారిక్ దగ్గర ఉంటుంది. చారిక్ అంటే మన కరణం. మన వైపు 1984లో కరణం, మునసబుల వ్యవస్థ రద్దయింది. ఇక్కడ చారిక్ నిక్షేపంగా ఉన్నాడు, జీతంతో పాటు 'బెంగ్‌కోక్' అనే పొలం కూడా ఆ పదవికి ఉంది. మన కరణం మాన్యం లాంటిదే, పదవి ఉన్నంత కాలం అనుభవించాలి, దిగిపోతే వదలాలి. చారిక్‌గారు ఇనుప బీరువా తెరిచి, అట్ట ఊడిపోయిన పుస్తకాన్ని రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టారు. గోధుమ రంగుకు తిరిగిన కాగితం, నిలువు గీతలు, వంకీల చేతిరాత. వరి పొలమైతే 'ఎస్', మెట్ట అయితే 'డి', పక్కన రోమన్ అంకెల్లో నేల తరగతి, విస్తీర్ణం, శిస్తు. నిజానికి అది శిస్తు పుస్తకమే గాని హక్కు పత్రం కాదు. మన దగ్గర శిస్తు రసీదు పట్టుకుని 'ఇది మా పొలం' అన్నట్టే. కాని వేరే ఆధారం లేనప్పుడు దానినే పట్టుకుని ముందుకు వెళ్లాలి. ఇటువంటి పాత కాగితాలన్నిటినీ అయిదేళ్లలో నమోదు చేయించుకోవాలని 2021లో ప్రభుత్వం నిబంధన కూడా తెచ్చింది.

పేజీ దొరికింది. పేరు దొరకలేదు. అక్కడ ఉన్నది మామగారి తండ్రి పేరు కాదు. జావా మగవాళ్లు పెళ్లయ్యాక పెద్దరికపు పేరు ఒకటి కొత్తగా పెట్టుకోవడం పాత ఆచారం, దానిని 'జెనెంగ్ తువో' అంటారు. ఇంటిపేర్లు లేవు, ఉన్నది ఒకటే పేరు, అదీ మధ్యలో మారిపోతుంది. పొలం తాతగారికి పెళ్లికి ముందే సంక్రమించింది కనుక పుస్తకంలో చిన్ననాటి పేరు ఉంది. సమాధి మీద, మామగారి జనన పత్రంలో పెద్దరికపు పేరు ఉంది. ఈ ఇద్దరూ ఒకరేనని ఇప్పుడు రుజువు చేయాలి. తెలుగు ఇంటిపేరు ముందు పెట్టాలా వెనుక పెట్టాలా అని ప్రతి ఫారంలోను తంటాలు పడే నేను, ఆ రోజు మాత్రం ఇంటిపేరు కనిపెట్టినవాడికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. చారిక్‌గారు తొణకలేదు. ఊళ్లో ఎనభై దాటిన ఇద్దరు ముసలివాళ్లను పిలిపించారు. వాళ్లు తాతగారిని ఆ రెండు పేర్లతోనూ ఎరిగినవాళ్లమని చెప్పి వేలిముద్రలు వేశారు. గ్రామాధికారి ముద్ర పడింది. మనిషి ఒకడే, పేర్లు రెండని తేలింది.

అదే పేజీలో ఒక పక్కన ఎర్ర సిరాతో ఒక వరస కొట్టేసి, మళ్లీ పైన రాసి ఉంది, 1960లలో మార్పు. అదేమిటని నేను అడగబోతే నా భార్య నా మోచేయి తాకింది. భూపరిమితి చట్టం ప్రకారం మిగులు భూములు పంచడం ఆలస్యమవుతోందని 1964లో ఇదే క్లాతెన్ ప్రాంతంలో కమ్యూనిస్టు రైతు సంఘాలు తామే పొలాల్లోకి దిగాయి. మరుసటి ఏడాది చివర మొదలైన ఊచకోతలో జావా అంతటా లక్షల మంది పోయారు, పంచిన భూములు చాలాచోట్ల వెనక్కి మళ్లాయి. తెలంగాణ సాయుధ పోరాటం గురించి మన ఊళ్లల్లో పాటలున్నాయి, కథలున్నాయి. ఇక్కడ ఒక ఎర్ర గీత ఉంది, దాని గురించి మాట లేదు. అప్పటికి మామగారికి ఎనిమిదేళ్లు. ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు.

తాతగారికి ఇద్దరు సంతానం. మామగారి అక్క 1970ల్లో ప్రభుత్వ వలస పథకం కింద భర్తతో సుమత్రాలోని లంపుంగ్ వెళ్లిపోయింది. మన కోస్తా రైతులు తుంగభద్ర ఆయకట్టు కింద రాయచూరు వైపు క్యాంపులు వేసుకుని స్థిరపడినట్టే, జావా జనం లంపుంగ్‌లో జావా ఊళ్లే కట్టుకున్నారు. ఆమె అప్పుడే తన వాటా వదిలేసి వెళ్లిందట. నోటి మాటే, కాగితం లేదు. వారసుల ధ్రువపత్రానికి ఆమె సంతకం కావాలి. వీడియో కాల్ చేశాము. మేనత్తగారు తమ్ముణ్ణి చూసి పది నిమిషాలు ఏడ్చి, ఇరవై నిమిషాలు కాఫీ తోట ముచ్చట్లు చెప్పి, చివరికి "ఆ పొలం సంగతా, అది నీకు వదిలేసి వచ్చాను కదా" అన్నారు. కాగితం అక్కడికి పోయి, అక్కడి గ్రామాధికారి ముద్రతో తిరిగి వచ్చేసరికి నెల పట్టింది.

ఈ నెలల్లో పొలం పని ఆగలేదు, ఊరి పనులూ ఆగలేదు. వారానికొకసారి రాత్రి కాపలా, 'రోండా', నా వంతుకూ వచ్చేది. ప్రతి ఇంటి ముందు గోడకు ఒక చిన్న ప్లాస్టిక్ గిన్నె వేలాడుతుంది. పూర్వం అందులో చిటికెడు బియ్యం పోసేవారట, 'జింపితాన్' అంటే అదే, మునివేళ్లతో తీసినంత. ఇప్పుడు అయిదు వందల రుపియాల నాణెం వేస్తారు. అర్ధరాత్రి టార్చి పట్టుకుని వాడంతా తిరిగి ఆ నాణేలు ఏరి, లెక్క రాసి, డబ్బాలో వేయాలి. ఆ డబ్బుతోనే వాడ దీపాలు బాగవుతాయి, ఎవరైనా పోతే ఖర్చుకు ఇస్తారు. వేయనివాళ్లను ఎవరూ ఏమీ అనరు, కాని పుస్తకంలో గడి ఖాళీగా ఉండిపోతుంది. మా ఇంటి గడి ఏనాడూ ఖాళీగా లేకుండా చూడడం నా పని. కాలువ నీటి వంతులు చూసే ఊరి ఉద్యోగిని 'ఉలు-ఉలు' అంటారు, తెలంగాణ ఊళ్లలో నీరడి లాగా. ఆయన నాకు మడవ తిప్పడం నేర్పబోయి, నాకు వచ్చునని తెలిసి, అప్పటినుంచి తెల్లవారుజాము వంతు నాకే కేటాయించారు.

ఈ జింపితాన్‌లు, నీటి వంతులు ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, పట్టాకు కొలత వేయాలంటే నాలుగు హద్దుల పొలాలవాళ్లూ వచ్చి, గట్టు మీద నిలబడి, ఇదే హద్దని ఒప్పుకుని సంతకం చేయాలి. ఆ నలుగురూ ఒప్పుకుంటేనే పని సాఫీగా సాగుతుంది. మా పొలానికి ఉత్తరాన కాలువ, పడమట మామగారి దాయాది, దక్షిణాన వాడ పెద్ద గారి బెంగ్‌కోక్ పొలం, తూర్పున ఒక ముసలావిడ పొలం. మొదటి మూడూ ఒక్కరోజులో అయ్యాయి. ముసలావిడ దగ్గరకు కాగితం పట్టుకుని మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ కుర్చీ వేసి, టీ ఇచ్చి, "ఇంగ్గిహ్" అన్నారు. మూడుసార్లూ రాలేదు. నా భార్య నవ్వి, జావాలో ఒక సామెత ఉందని చెప్పింది. 'ఇంగ్గిహ్ ఇంగ్గిహ్ ఓరా కెపాంగ్గిహ్', అవునవునంటారు, మనిషి మాత్రం చిక్కరు. ఆ అవునండీకి అర్థం 'మీ మాట విన్నాను' అనే తప్ప 'ఒప్పుకున్నాను' అని కాదు. నేను కాగితం పట్టుకుని వెళ్లడమే తప్పు. కాగితం చూస్తే ఆవిడ మనసులో మాట చెప్పరు.

నాలుగోసారి వదినగారు వెళ్లారు, చేతిలో కిలో పంచదార, టీ పొడి పొట్లం. గంటన్నర తరువాత తిరిగి వచ్చి సంగతి చెప్పారు. ఏటా గట్టు చెక్కేటప్పుడు మావైపు నుంచి పార కాస్త ఎక్కువ పడుతోందని, నలభై ఏళ్లలో గట్టు ఆవిడ పొలంలోకి జరిగిందని ఆవిడ నమ్మకం. ఇది నాకు కొత్త కాదు. గట్టు కొరకడం మా ఊళ్లోనూ ఉంది, దాని మీద తలకాయలు పగిలిన సందర్భాలూ ఉన్నాయి. మామగారు కోప్పడతారనుకున్నాను. ఆయన మరుసటి ఉదయం చొక్కా మార్చుకుని, పార భుజాన వేసుకుని, ఆవిడ ఇంటికి వెళ్లి, ఆవిడను వెంటబెట్టుకుని పొలానికి నడిచారు. నేను వెనుక. ఇద్దరూ గట్టు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచారు, ఏమీ మాట్లాడుకోలేదు. కాలువ మొగలో పాతకాలపు బండరాయి ఒకటి బురదలో పూడిపోయి ఉంది. మామగారు దాని చుట్టూ మట్టి తీశారు. గట్టు నడిమి నుంచి ఆ రాయి మావైపుకు జానెడు జరిగి ఉంది. ఆయన పార తిరగేసి, దాని వెడల్పు కొలతగా పెట్టి, రాయి దగ్గర గీత గీసి, "ఇక్కడ" అన్నారు. ఆవిడ, "అంత వద్దు, సగం చాలు" అన్నారు. ఇద్దరూ కాసేపు వద్దంటే వద్దని మర్యాదలు పోయి, చివరికి రాయి దగ్గరే ఖాయం చేశారు. కొలతల రోజున ఉపగ్రహాల సాయంతో పనిచేసే పరికరం పట్టుకుని వచ్చిన కుర్రాడు రబ్బరు బూట్లతో బురదలో దిగి, ఆ రాయి పక్కనే ఎర్ర రంగు వేసిన సిమెంటు కర్ర పాతించాడు. అతని తెర మీద ఆ బిందువు సెంటీమీటర్లలో పడింది. ముసలావిడ బొటనవేలికి సిరా రాసుకుని ముద్ర వేసి, వేలిని వరి ఆకులకు తుడుచుకున్నారు.

తరువాతి మెట్లు త్వరగానే గడిచాయి. అభ్యంతరాలున్నవారు చెప్పుకోవచ్చని గ్రామ కార్యాలయం పలక మీద ప్రకటన అతికించారు, ఎవరూ రాలేదు. పట్టా ముందు మామగారి పేరున వచ్చింది, తరువాత మూడు ముక్కలైంది. వదినగారికి ఒకటి, నా భార్యకు ఒకటి దానంగా, మూడోది అమ్మకంగా రాశారు. అమ్మినవారు రెండున్నర శాతం, కొన్నవారు మినహాయింపు పోను అయిదు శాతం పన్ను కట్టాలి. మామగారి పన్ను కూడా మేమే కట్టాము. వాటా సొమ్ము బావగారి ఖాతాలో పడిన సాయంత్రం ఆయన ఫోన్ చేసి, పంట కోతకు ముందు పొలం మూలన చేసే 'వివితాన్' నైవేద్యం ఇకముందు కూడా మానకండి అన్నారు. దేవి శ్రీకి, మన శ్రీదేవికే, ధాన్యం తల్లిగా పెట్టే అన్నం అది. కేథలిక్కు ఇంట్లో దాని గురించి వాదం ఏదీ లేదు. పొలం మూడు పట్టాలైనా దున్నేది ఒకే చెక్కగా. వదినగారి వాటా మేమే పాలుకు చేస్తాము, పంట సగం సగం.

మొదలుపెట్టిన పద్నాలుగు నెలలకు, 2023లో, ఆకుపచ్చ అట్ట మీద గరుడ ముద్ర ఉన్న రెండు పుస్తకాలు నా భార్య చేతికి వచ్చాయి. ఇంటికి తెచ్చి మామగారి ఒళ్లో పెట్టింది. ఆయన కళ్లజోడు లేకుండానే పేజీలు తిప్పి, పొలం పటం ఉన్న పేజీ దగ్గర ఆగి, తూర్పు హద్దు గీత మీద వేలు ఆనించి చూసుకుని, వాటిని బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి, డబ్బాను బియ్యం పీపా వెనుక దాచారు. నా పేరు ఏ పుటలోనూ లేదు. మర్నాడు తెల్లవారుజామున ఉలు-ఉలు గారు కిటికీ తట్టి, నీటి వంతు వచ్చిందని నన్నే లేపారు.

మరుసటి ఏడాది భూమి పన్ను చీటీలు పంచడానికి చారిక్‌గారు వచ్చారు. మా చీటీ ఒకటే ఉంది, మూడు కాదు. దాని మీద ఉన్న పేరు మామగారిది కాదు, నా భార్యది కాదు. యాభై ఏళ్ల కిందట పోయిన తాతగారిది, అదీ చిన్ననాటి పేరు. మార్చాలంటే ఇంకో కార్యాలయంలో ఇంకో దరఖాస్తు పెట్టాలన్నారు చారిక్‌గారు. మామగారు చీటీ అందుకుని, తండ్రి పేరు ఒకసారి పైకి చదువుకుని, నా చేతికి ఇచ్చి, "వెళ్లి కట్టి రా" అన్నారు.